బ్రేక్ పెడల్ రాయిలా బిగిసిందా? పికప్ నడిపేవాళ్లూ, నడిపించేవాళ్లూ తెలుసుకోవలసిన విషయాలు

"బ్రేకు గట్టిగా ఉందండీ" అని డ్రైవరు ఫోన్ చేస్తే, అవతల ఉన్న యజమానికి అది మంచి కబురులా వినిపించే ప్రమాదం ఉంది. మన భాషలో గట్టి అనగానే బలమే తోస్తుంది. గట్టి ఇల్లు, గట్టి మనిషి, గట్టి మాట. బ్రేక్ పెడల్ విషయంలో మాత్రం గట్టి అంటే బలం కాదు, బలం పోయిందని అర్థం. ఎంత తొక్కినా పెడల్ కిందికి దిగదు, బండి ఆగాల్సిన చోట ఆగదు. ఆ మాట చెప్పిన డ్రైవరు సహాయం అడుగుతున్నాడు.

హౌగాంగ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. డెఫూ లేన్ వైపు ఉదయం ఏడింటికి చూస్తే ఏసీ పనులకు, ఎలక్ట్రికల్ పనులకు, రెనొవేషన్ పనులకు వెళ్లే పికప్పులూ చిన్న లారీలూ వరసగా కదులుతుంటాయి. స్టీరింగ్ దగ్గర ఉన్నవాళ్లలోనూ, వెనక తొట్టిలో కూర్చున్నవాళ్లలోనూ మన తెలుగు కుర్రాళ్లు ఉంటారు. తొట్టిలో కూర్చున్నవాళ్లకు సీటు బెల్టులు ఉండవు. అందుకే బ్రేక్ పెడల్ గట్టిపడితే ఎందుకు గట్టిపడింది, ఏం చూసుకోవాలి, వర్క్‌షాపులో ఏమని చెప్పాలి అన్నది ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది హైడ్రాలిక్ బ్రేకులు ఉన్న పికప్పులకు, వ్యాన్లకు, చిన్న లారీలకు సంబంధించినది. గాలి బ్రేకులు ఉండే పెద్ద లారీల పద్ధతి వేరు.

ముందు జబ్బు పేరు సరిగా చెప్పుకోవాలి

"బ్రేకు బాగాలేదు" అన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి.

పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే సాధారణంగా బ్రేక్ ఆయిల్ పైపుల్లో గాలి చేరిందని అర్థం. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతుంటే బ్రేక్ ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగాయి. మామూలుగా బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలికింద దడదడ కొట్టుకుంటే డిస్కు వంకరపోవడం లాంటివి చూడాలి. నాలుగోది మన విషయం: పెడల్ పైనే ఉంటుంది, దిగదు, రాయి మీద కాలు పెట్టినట్టు ఉంటుంది, బలమంతా పెట్టి తొక్కితేనే బండి కొద్దికొద్దిగా నెమ్మదిస్తుంది.

ఈ నాలుగింటికీ మందులు వేరు. గట్టి పెడల్‌తో వచ్చిన బండికి బ్రేకుల్లో గాలి తీసి పంపిస్తే డబ్బు దండగ, ప్రమాదం అలాగే ఉంటుంది.

పెడల్ వెనక పనిచేసే అసలు బలం ఎవరిది?

రెండు టన్నుల బండిని మన కాలొక్కటే ఆపదు. పెడల్ కడ్డీ తులాదండంలా పనిచేసి కాలి బలాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. దాని తర్వాత, ఇంజిన్ గదిలో డ్రైవరుకు ఎదురుగా నల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. అదే బ్రేక్ బూస్టర్. ఈ కథలో సగం దానిదే.

ఆ డబ్బాలో మధ్యన రబ్బరు పొర ఉంటుంది. దాన్ని డయాఫ్రమ్ అంటారు. బ్రేకు తొక్కనప్పుడు పొరకు రెండువైపులా గాలి చాలావరకు పీల్చేసి ఉంటుంది. తొక్కగానే ఒక చిన్న వాల్వ్ తెరుచుకుని డ్రైవరు వైపు నుంచి బయటి గాలిని లోపలికి వదులుతుంది. ఒకవైపు మామూలు గాలి, రెండోవైపు వాక్యూమ్. ఆ తేడా వల్ల వాతావరణమే పొరను ముందుకు తోస్తుంది. మన కాలికి తోడు పడేది ఈ గాలి ఒత్తిడే.

ఎంత బలం? స్కూలు లెక్కే. పొర వ్యాసం 25 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం దాదాపు 490 చదరపు సెంటీమీటర్లు. లోపల 500 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానమైన వాక్యూమ్ ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 0.68 కిలోల తోపు పడుతుంది. రెండూ గుణిస్తే 330 కిలోలు దాటుతుంది. పెడల్ కడ్డీ కాలి బలాన్ని నాలుగు రెట్లు చేస్తుందనుకుంటే, బూస్టర్ పూర్తిగా ఇచ్చే ఆ సాయం లేనప్పుడు అదే బ్రేకు పడాలంటే కాలు ఇంకో 80 కిలోల బరువుతో తొక్కాలి. మన మనిషి బరువే అంత ఉండదు!

అందుకే గట్టి పెడల్ అనగానే మొదట అడగవలసిన ప్రశ్న ఇది: గాలి సాయం అందడం లేదా, లేక సాయం అందుతున్నా చక్రాల దగ్గర ఏదైనా బిగిసిందా? మిగతా వెతుకులాటంతా ఈ రెండు దారుల్లో ఒకదాని వెంటే నడుస్తుంది.

వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది?

మామూలు పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. అక్కడి నుంచి లావుపాటి రబ్బరు పైపు ఒకటి బూస్టర్‌కు వెళ్తుంది.

డీజిల్ ఇంజిన్‌లో అలా పుట్టదు. దానికి విడిగా వాక్యూమ్ పంపు కావాలి. పాత టొయోటా, ఇసుజు డీజిల్ బండ్లలో చాలావాటికి ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే, అంటే మన మెకానిక్కులు డైనమో అనేదాని వెనకే బిగించి ఉంటుంది. ఇలాంటి బండిలో బెల్టు తెగితే పంపు కూడా తిరగదు. బ్యాటరీ దీపం వెలగడం, కాసేపటికి పెడల్ గట్టిపడటం ఒకదాని వెంట ఒకటి జరిగాయంటే ముందుగా చూడవలసింది బెల్టునే.

ఎలక్ట్రిక్ వ్యాన్లలో గాలి పీల్చే ఇంజినే లేదు కాబట్టి కరెంటుతో నడిచే వాక్యూమ్ పంపో, ఎలక్ట్రానిక్ బూస్టరో ఉంటుంది. వాటిలో పెడల్ గట్టిపడితే హెచ్చరిక దీపం చూసి నేరుగా సర్వీసుకు పంపడమే మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు నడిపే పెద్ద హెవీ డ్యూటీ పికప్పుల్లో చాలావాటికి వాక్యూమ్ బదులు పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే బూస్టర్ ఉంటుంది. పెడల్ గట్టిపడి, అదే సమయంలో స్టీరింగ్ కూడా బరువెక్కితే ఆ పంపునో, దాని బెల్టునో అనుమానించాలి.

పనిముట్టు అక్కర్లేని మూడు పరీక్షలు

వీటికి కాలు, తాళం చెవి, ఐదారు నిమిషాల ఓపిక చాలు. బండిని చదునైన చోట, గాలి ఆడే చోట నిలపండి. హ్యాండ్ బ్రేకు వేయండి. చక్రాలకు అడ్డు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉండాలి.

మొదటి పరీక్ష: ఇంజిన్ ఆపి ఉంచి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వదలండి. లోపల నిలవ ఉన్న వాక్యూమ్ ఖర్చయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇది మామూలే. ఇప్పుడు పెడల్ మీద ఓ మోస్తరుగా కాలు నొక్కి పట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ బాగుంటే పెడల్ దానంతటదే కాస్త కిందికి దిగుతుంది. దిగకపోతే వాక్యూమ్ రావడం లేదు, లేదా బూస్టర్ పాడైంది.

రెండో పరీక్ష: ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. ఐదు నిమిషాలు ఆగి పెడల్ తొక్కండి. మొదటిసారి మెత్తగా లోతుగా దిగి, రెండోసారి కొంచెం పైన, మూడోసారి ఇంకొంచెం పైన ఆగాలి. మొదటి తొక్కుడుకే రాయిలా ఉంటే నిలవ ఉండాల్సిన వాక్యూమ్ ఎక్కడో జారిపోతోంది. చెక్ వాల్వ్, పైపు, బూస్టర్ చూడాలి.

మూడో పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టి, కాలు తీయకుండా ఇంజిన్ ఆపండి. అర నిమిషం అలాగే ఉంచండి. పెడల్ కదలకూడదు. కాలిని పైకి తోస్తుంటే బూస్టర్‌లోకి గాలి దూరుతోంది.

ఈ మూడూ చేస్తున్నప్పుడు చెవులు కూడా పెట్టండి. తొక్కిన క్షణంలో చిన్న "ఉస్స్" వినిపించి ఆగిపోతే తప్పేమీ కాదు. తొక్కి పట్టుకున్నంతసేపూ బుస కొడుతూనే ఉంటే రబ్బరు పొరో, వాల్వో చెడిందని అనుమానించాలి.

మొదటి పరీక్షలో పెడల్ చక్కగా దిగి, మిగతా రెండూ కూడా బాగుంటే గాలి సాయం అందుతున్నట్టే. ఇక మీరు చక్రాల వైపు వెళ్లవచ్చు.

బానెట్ ఎత్తి చూడవలసినవి

చవకైనదాని నుంచి ఖరీదైనదాని వైపు వెళ్లాలి. బూస్టర్ మార్చడం పెద్ద పని. పైపు మార్చడం చిన్న పని. కానీ లక్షణం రెండింటిదీ ఒకటే.

పైపు: బూస్టర్‌కు వెళ్లే రబ్బరు పైపును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడమండి. ఇంజిన్ ఆపి, చల్లారాకే. ఇంజిన్ వేడికి రబ్బరు ఎండి, వంపుల దగ్గర, క్లిప్పుల కింద పగుళ్లు వస్తాయి. కొన్ని పైపులు బయటికి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఊడి మూసుకుపోతాయి. పిండితే మరీ మెత్తగా అనిపించినా, లోపల ఉబ్బి ఉన్నా మార్చాల్సిందే. మా ఇంట్లో పనికి వాడే పికప్‌కు ఒక వర్క్‌షాపులో బ్రేక్ ప్యాడ్లు మార్చి పంపారు, పెడల్ మాత్రం మారలేదు. చివరికి దొరికింది క్లిప్పు కింద చీలిన పైపు.

చెక్ వాల్వ్: పైపు బూస్టర్‌లోకి వెళ్లే చోట గానీ, పైపు మధ్యలో గానీ ఉంటుంది. గాలిని బూస్టర్ నుంచి ఇంజిన్ వైపే వెళ్లనిస్తుంది, వెనక్కి రానివ్వదు. విప్పి ఊదితే ఒకవైపే గాలి పోవాలి. రెండువైపులా పోయినా, ఎటూ పోకపోయినా మార్చాలి.

వాక్యూమ్ ఉందా: మెకానిక్ గేజ్ పెట్టి కొలవడం ఖాయమైన పద్ధతి. మంచి స్థితిలో ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో సుమారు 430 నుంచి 560 మిల్లీమీటర్లు చూపిస్తుంది. డీజిల్ పంపు బాగుంటే సాధారణంగా 600 పైన ఉంటుంది. పైపు బాగుండి గేజ్ తక్కువ చూపిస్తే డీజిల్ బండిలో పంపునూ, పెట్రోల్ బండిలో ఇంజిన్ ట్యూనింగునూ, మానిఫోల్డ్ లీకులనూ చూడాలి.

ఆయిల్ జాడలు: చాలా వాక్యూమ్ పంపులు ఇంజిన్ ఆయిల్‌తోనే తడుస్తూ తిరుగుతాయి. పంపు అరిగితే ఆ ఆయిల్ పైపులోకి, అక్కడి నుంచి బూస్టర్‌లోకి చేరి రబ్బరును పాడుచేస్తుంది. కాబట్టి పైపు విప్పినప్పుడు లోపల నల్లటి ఆయిల్ కనిపిస్తే బూస్టర్ ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. ఇంకో జాడ ఉంది. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటుంది, బయట ఎక్కడా తడి కనిపించదు. మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు లీకై బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి పోతోందేమో చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు. మట్టం తగ్గిందని ఆ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ గానీ, స్టీరింగ్ ఆయిల్ గానీ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

గాలి బాగుంది, పెడల్ మాత్రం గట్టి: అప్పుడు?

ఇక చక్రాలే. కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి బిగిసిపోవచ్చు. కాలిపర్ జారాల్సిన పిన్నులు గ్రీజు లేక ఎండిపోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు వేడికి గాజులా నున్నబడితే పెడల్ ఎంత తొక్కినా పట్టు రాదు. నాసిరకం ప్యాడ్లు వేసినా అంతే. వెనక డ్రమ్ములో వీల్ సిలిండర్ పట్టేయవచ్చు. చక్రానికి వెళ్లే రబ్బరు హోసు లోపల వాచి మూసుకుపోతే ఒత్తిడి సరిగా చేరదు, చేరినది సరిగా వెనక్కి రాదు. ఆ చక్రం బ్రేకు వదిలినా రాసుకుంటూనే ఉంటుంది. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి ఎక్కువగా, కాలిన వాసనగా ఉంటే అదే గుర్తు. చేత్తో ముట్టుకోకండి, దగ్గర నిలబడితేనే సెగ తెలుస్తుంది.

చాలా పికప్పుల్లో వెనక ఇరుసు దగ్గర బరువును బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంచే వాల్వ్ ఒకటి ఉంటుంది. అది ఖాళీ బండి స్థితిలో బిగుసుకుపోతే, లోడు వేసిన రోజున వెనక బ్రేకులు పనిలో తమ వాటా చేయవు. "ఖాళీగా ఉంటే బానే ఉంది, సామాను వేస్తే గట్టిగా తొక్కాల్సి వస్తోంది" అని డ్రైవరు అంటే ఈ వాల్వ్‌ను చూడమనండి. అంతకు ముందు మీరు వేసిన బరువు బండికి అనుమతించిన బరువేనా అన్నది కూడా చూసుకోండి.

కొత్త బండికీ రావచ్చు

పాత బండ్ల జబ్బు అని కొట్టిపారేయడానికి లేదు. 2019 సెప్టెంబరులో జనరల్ మోటార్స్ అమెరికాలో 34 లక్షలకు పైగా పికప్పులనూ, ఎస్‌యూవీలనూ వెనక్కి పిలిచింది. వాటిలో 2014 నుంచి 2018 వరకు మోడళ్ల షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెర్రా 1500 ఉన్నాయి. ఇంజిన్‌తో నడిచే వాక్యూమ్ పంపు ఇచ్చే వాక్యూమ్ కాలక్రమేణా తగ్గిపోవచ్చన్నది కారణం. అలా తగ్గితే పెడల్ తొక్కడానికి ఎక్కువ బలం కావాలి, బండి ఆగే దూరం పెరుగుతుంది. పరిష్కారంగా బ్రేకులను నియంత్రించే కంప్యూటరు ప్రోగ్రాం మార్చారు. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఇలాంటి సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనే మనవాళ్లు ఆ పని జరిగిందో లేదో బండి నంబరుతో సరిచూసుకోవడం మంచిది.

వాక్యూమ్ కొంచెం కొంచెంగా తగ్గే బండి మొదట ఎక్కడ బయటపడుతుంది? ఎక్స్‌ప్రెస్‌వే మీద కాదు. కార్‌పార్కులో, లోడింగ్ బే దగ్గర ముందుకీ వెనక్కీ తిప్పేటప్పుడు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది కాబట్టి పంపు నెమ్మదిగా తిరుగుతుంది, బ్రేకు మాత్రం పదేపదే పడుతుంది. వచ్చేదానికన్నా ఖర్చు ఎక్కువ. పార్కింగులో మూడో నాలుగో తొక్కుడుకు పెడల్ గట్టిపడిందంటే, "ఇక్కడే కదా, రోడ్డు మీద బానే ఉంది" అని వదిలేయకండి.

దారిలో గట్టిపడితే

ఒకటి గుర్తుంచుకోండి. బూస్టర్ పోయినా బ్రేకులు పూర్తిగా పోవు. కాలికీ చక్రానికీ మధ్య హైడ్రాలిక్ లంకె అలాగే ఉంటుంది. పోయింది సాయం మాత్రమే. కాబట్టి పెడల్‌ను పంపు కొట్టినట్టు కొట్టకండి. ప్రతి తొక్కుడుకూ మిగిలిన కాస్త వాక్యూమూ ఖర్చవుతుంది. వీపు సీటుకు ఆనించి, అవసరమైతే రెండు కాళ్లతో, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి. హజార్డ్ లైట్లు వేయండి. హ్యాండ్ బ్రేకును నెమ్మదిగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయి. బండి ఆగేదాకా ఇంజిన్ ఆపకండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. "ఏమైందబ్బా" అని తటపటాయించే సమయం అది. డ్రైవరుకు ఈ క్రమం ముందే తెలిసి ఉంటే ఆ 17 మీటర్లు మిగులుతాయి. హౌగాంగ్ నుంచి ఊళ్లోకి వెళ్లే కేపీఈలో సుమారు 9 కిలోమీటర్లు సొరంగమే. అక్కడ ముందు బండికి ఎడం ఎంత ఉంటే అంత మేలు.

ఆగాక మళ్లీ నడపకండి. సింగపూర్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఆగిపోయిన బండిని ఈమాస్ రికవరీ సర్వీసు దగ్గరలోని నిర్ణీత కార్‌పార్కు దాకా ఉచితంగా లాగి పెడుతుంది. వర్క్‌షాపు దగ్గరే కదా అని వెనక మనుషుల్ని కూర్చోబెట్టుకుని వెళ్లడం మాత్రం వద్దు.

ఊళ్లో బండి నడిపే అన్నదమ్ములకు కూడా ఈ మాట చెప్పండి. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు ఘాట్‌లోనో డీజిల్ ఆదా అని ఇంజిన్ ఆపి దిగితే వాక్యూమ్ పుట్టడం ఆగిపోతుంది. నిలవ ఉన్నది కొద్ది తొక్కుళ్లకే సరి. ఆ తర్వాత మలుపులో పెడల్ రాయే.

వర్క్‌షాపులో ఏమని చెప్పాలి?

ఇక్కడి మెకానిక్కులకు "బ్రేక్ నో గుడ్" అంటే ప్యాడ్ల మీదకే చూపు పోతుంది. మన కుర్రాళ్లు ఇలా చెబితే చాలు: "పెడల్ హార్డ్. స్టార్ట్ ఇంజిన్, పెడల్ నెవర్ గో డౌన్. ప్లీజ్ చెక్ వాక్యూమ్ హోస్, చెక్ వాల్వ్, పంప్, బూస్టర్." ఈ వరసలోనే చెప్పడం మంచిది, చవకైనది ముందు వస్తుంది. పరీక్షల్లో ఏం కనిపించిందో, చలి ఇంజిన్‌లోనా వేడెక్కాకా, ఖాళీగానా లోడుతోనా అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే మొదటి పరీక్ష మళ్లీ చేసి చూడండి.

సరుకు బండ్లకు ఇక్కడ పదేళ్ల లోపు ఏడాదికోసారి, పదేళ్లు దాటితే ఆరు నెలలకోసారి తనిఖీ తప్పనిసరి. అది పాసైన కాగితం ఆ రోజు స్థితిని చెబుతుంది. మర్నాడు పైపు చీలితే ఆ కాగితం బండిని ఆపదు.

యజమానులకు ఒక విన్నపం. జీతం మీద పనిచేసే కుర్రాడు పొద్దున్నే ఫోన్ చేసి బండి తీయనంటే అతనికి పని ఎగ్గొట్టాలని కాదు. ట్రిప్పు పోతుందేమో, సారు కోప్పడతారేమో అన్న భయాన్ని దాటుకుని ఆ మాట అంటాడు. "ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ దిగిందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. లేదంటే ఆ పూటకు బండి ఆపేయండి, మనుషుల్ని వేరే బండిలో పంపండి.